కమ్యూనిటీ కాలేజీ నుంచి హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌కి మారాలా? ముందు ఆ పన్నెండు క్రెడిట్లు పూర్తి చేయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇలాంటి సందేహమే ఉన్న మరికొందరికి కూడా ఉపయోగపడుతుందని దాన్ని నాలుగు మాటల్లో మళ్లీ చెప్తున్నాను. మీకు ముప్పై ఒకటి. ఖమ్మంలో బీకాం రెండో సంవత్సరం అయ్యాక పెళ్లయింది, ఆ వెంటనే హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా మీద, న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చేశారు. ఇద్దరు పిల్లలు. మీవారి ఐ-140, అంటే కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్, అప్రూవ్ కావడంతో మీకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, వచ్చింది. రెండేళ్లుగా కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక కాలేజీలో, అకౌంటింగ్ చదువుతున్నారు. 48 క్రెడిట్లు (చదువుని కొలిచే లెక్క, ఒక్కో కోర్సుకి మూడో నాలుగో) పూర్తయ్యాయి, జీపీఏ, అంటే సగటు గ్రేడు, నాలుగుకి 3.8. సీపీఏ, అంటే లైసెన్సు ఉన్న అకౌంటెంట్, అవ్వాలని ఉంది. ఇప్పుడు కాలేజీ వదిలేసి హార్వర్డ్ యూనివర్సిటీలో పనిచేసుకుంటూ చదువుకునేవాళ్ల కోసం ఉన్న ఎక్స్‌టెన్షన్ స్కూల్‌కి మారదామా అని ఆలోచిస్తున్నారు. మీవారేమో "హార్వర్డ్ అంటే హార్వర్డే కదా" అంటున్నారు. మీ ఆడపడుచు "అది దూరవిద్య లాంటిది, ఎవరూ లెక్కచెయ్యరు" అంటున్నారు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, ఇద్దరూ కొంత పొరబడ్డారు. అది తర్వాత చెప్తాను. ముందు మీకు కావలసిన జవాబు: ఇప్పుడే మారొద్దమ్మా. మిగిలిన 12 క్రెడిట్లు పూర్తి చేసి అసోసియేట్ డిగ్రీ, అంటే ఆ రెండేళ్ల డిగ్రీ, చేతికి తీసుకోండి. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు. ఈలోపు చెయ్యాల్సిన పనులు రెండు మూడు ఉన్నాయి, వాటి మీదే మీ రెండేళ్ల కష్టం ఆధారపడి ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాది తెనాలి. 1998లో నేనూ హెచ్4 మీదే వచ్చాను. అప్పట్లో హెచ్4 వాళ్లకి ఈఏడీ అన్న మాటే లేదు, అది 2015లో వచ్చింది. ఉద్యోగం చెయ్యకూడదు, చదువుకోవచ్చు. అందుకని కమ్యూనిటీ కాలేజీలో చేరాను. 52 క్రెడిట్లు అయ్యాక ఒక పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ వచ్చింది. ఆ కవరు చూసిన సంతోషంలో, ఇంకొక్క సెమిస్టర్ ఆగితే అసోసియేట్ పూర్తవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. చేరిన మూడు వారాలకి క్రెడిట్ ఇవాల్యుయేషన్ కాగితం ఇచ్చారు. ఎడమవైపు నేను చదివిన కోర్సులు, కుడివైపు వాళ్లు దేనికింద లెక్కేశారో. కుడివైపు ఆరు చోట్ల ఒకే మాట ఉంది: ఫ్రీ ఎలెక్టివ్, అంటే ప్రధాన సబ్జెక్టుకి లెక్కకురాని ఐచ్ఛిక కోర్సు. ఒక చోట అదీ లేదు, ఖాళీ. కార్లో కూర్చుని పెన్సిల్‌తో లెక్కేసుకుంటే 19 క్రెడిట్లు నా డిగ్రీకి పనికిరావని తేలింది. ఒక సెమిస్టర్ పైన చదువు, దాని ఫీజు పోయినట్టే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. తర్వాత నేనే ఒక కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాను, పద్నాలుగేళ్లయింది. ఎవరొచ్చినా ముందు అడిగేది ఆ కుడివైపు ఏముందనే.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోండి. "మీ క్రెడిట్లన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అని ఏ కాలేజీ అయినా నవ్వుతూ చెప్తుంది, అది అబద్ధం కూడా కాదు. కానీ ట్రాన్స్‌ఫర్ అవ్వడం వేరు, మీ మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, లెక్కలోకి రావడం వేరు. మీరు చదివిన ఫైనాన్షియల్ అకౌంటింగ్‌ని వాళ్ల ఫైనాన్షియల్ అకౌంటింగ్‌కి సమానంగా తీసుకున్నారా, లేక "అకౌంటింగ్ ఎలెక్టివ్" అని పక్కన పెట్టారా? రెండింట్లోనూ మూడు క్రెడిట్లే కనిపిస్తాయి. రెండోదయితే అదే పాఠం మళ్లీ డబ్బు కట్టి వినాలి. అందుకే ఫోన్లో "ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు" అని అడక్కండి. "ఈ కోర్సు మీ దగ్గర ఏ కోర్సుకి బదులుగా లెక్కకొస్తుంది" అని ఒక్కో కోర్సు పేరు చెప్పి ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉండాలి.

న్యూజెర్సీలో ఉండటం మీకు బాగా కలిసొచ్చే విషయం. 2007లో ఇక్కడ లాంపిట్ లా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం 2008లో రాష్ట్రమంతటికీ వర్తించే ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కుదిరింది. కమ్యూనిటీ కాలేజీలో ఏ.ఏ. (అసోసియేట్ ఇన్ ఆర్ట్స్) గానీ ఏ.ఎస్. (అసోసియేట్ ఇన్ సైన్స్) గానీ పూర్తి చేసి రట్‌గర్స్, కీన్, మాంట్‌క్లెయర్ స్టేట్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీకి వెళ్తే, డిగ్రీలో సగం పూర్తయినట్టు లెక్క. జనరల్ ఎడ్యుకేషన్, అంటే అందరికీ తప్పనిసరైన ఇంగ్లీషు, లెక్కలు లాంటి కోర్సులు, మళ్లీ చదవక్కర్లేదు. నా రోజుల్లో ఇది లేదు. అయితే ఈ రక్షణ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకే. 48 దగ్గర వదిలేసి వెళ్తే ఒక్కో కోర్సుకీ విడిగా వాదించుకోవాలి, నాలాగే. పైగా చట్టం క్రెడిట్లకి హామీ ఇస్తుంది గానీ ఫలానా ప్రోగ్రాంలో సీటుకి ఇవ్వదు. రట్‌గర్స్ బిజినెస్ స్కూల్‌కి దాని సొంత ఎంపిక ఉంటుంది. మీ 3.8 దానికి మంచి బలం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు "అకౌంటింగ్ అసోసియేట్" అని రాశారు. అది ఏ.ఎస్. ఆ, ఏ.ఏ.ఎస్. ఆ?

ఒక్క అక్షరమే తేడా అనిపిస్తుంది గానీ చాలా పెద్ద తేడా. ఏ.ఏ.ఎస్. అంటే అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్. రెండేళ్లు చదివి నేరుగా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన డిగ్రీ. నేను చెప్పిన ఒప్పందం దానికి వర్తించదు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో "అకౌంటింగ్" అనే పేరుతో ఉన్నది ఏ.ఏ.ఎస్., నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లాలనుకునేవాళ్లకి ఉన్నది "బిజినెస్ అడ్మినిస్ట్రేషన్" పేరుతో ఏ.ఎస్. మన ఆడవాళ్లు చాలామంది పేరు చూసి, అకౌంటింగ్ కావాలి కాబట్టి అకౌంటింగ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటారు. తప్పు వాళ్లది కాదు, చేరేరోజు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మీ స్టూడెంట్ పోర్టల్‌లోకి వెళ్లి డిగ్రీ ఆడిట్, అంటే మీ డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో చూపే పేజీ, తెరవండి. పైనే, మీ పేరు కింద, ప్రోగ్రాం కోడ్ పక్కన ఉంటుంది. అక్కడ ఏ.ఏ.ఎస్. అని కనిపిస్తే కంగారు పడకండి. 48 క్రెడిట్ల దగ్గర కూడా మేజర్ మార్చుకోవచ్చు, అకౌంటింగ్ కోర్సులు చాలావరకు రెండింట్లోనూ పనికొస్తాయి. మిగిలిన 12కి ఇంకో మూడో ఆరో తోడవ్వచ్చు. అది ఇక్కడి రేటులో అయిపోతుంది. యూనివర్సిటీకి వెళ్లాక తెలిస్తే అక్కడి రేటు కట్టాలి. ఎన్‌జే ట్రాన్స్‌ఫర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ, మేజర్ పెడితే ఏ కోర్సు దేనికి సమానమో చూపిస్తుంది. ఒక ఆదివారం సాయంత్రం దాని ముందు కూర్చోండి.

ఇక హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ దగ్గరికి వద్దాం. మీ ఆడపడుచుగారి మాట ముందు తీసుకుంటాను, ఎందుకంటే ఆ మాట మీ మనసులో ముల్లులా దిగిందని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. ఆవిడ పోలిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర రెగ్యులర్, డిస్టెన్స్ అని రెండు గీతలు గీసేశారు. దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లో పెట్టారు, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. అందులో చదివి ఉద్యోగాల్లో పైకొచ్చినవాళ్లు లెక్కలేనంత మంది. అయినా పెళ్లి చూపుల్లో "రెగ్యులరేనా?" అన్న ప్రశ్న పోలేదు. ఆ కొలతతోనే ఎక్స్‌టెన్షన్‌నీ చూస్తున్నారు.

ఎక్స్‌టెన్షన్ స్కూల్ అలా పుట్టింది కాదు. 1910లో, హార్వర్డ్ ప్రెసిడెంట్‌గా లారెన్స్ లోవెల్ ఉన్న రోజుల్లో మొదలైంది. దాని వెనక ఒక వీలునామా ఉంది. జాన్ లోవెల్ జూనియర్ అనే బోస్టన్ వ్యాపారి భార్యనీ, బిడ్డల్నీ పోగొట్టుకుని దేశాలు పట్టి తిరుగుతూ, సామాన్యుల చదువు కోసం తన ఆస్తిలో సగం రాసిచ్చి, 1836లో మన బొంబాయిలో కన్నుమూశాడు. ఫీజు రెండు బుషెళ్ల (ధాన్యం కొలిచే పాత కొలత) గోధుమల ధరకి మించకూడదని ఆ ఏర్పాటులో ఒక షరతు. ఆ డబ్బుతో నడిచిన ఉపన్యాసాలే తర్వాత ఎక్స్‌టెన్షన్ అయ్యాయి. పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకునేవాళ్ల కోసం పుట్టిన స్కూల్ అది. ఇద్దరు పిల్లల తల్లి అక్కడ చదవాలనుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. గుర్తింపు ఉన్న డిగ్రీ, హార్వర్డే ఇస్తుంది. మే నెల స్నాతకోత్సవంలో అందరితో పాటే నడుస్తారు, పూర్వ విద్యార్థుల సంఘంలో చోటు ఉంటుంది.

అయితే మీవారి మాట కూడా సరికాదు. మీకు వచ్చే డిగ్రీ పేరు బ్యాచిలర్ ఆఫ్ లిబరల్ ఆర్ట్స్ ఇన్ ఎక్స్‌టెన్షన్ స్టడీస్. పన్నెండో తరగతి అయ్యాక దరఖాస్తు చేసి చేరే హార్వర్డ్ కాలేజీ వేరు, ఇది వేరు. రెజ్యూమేలో "హార్వర్డ్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ స్కూల్" అని పూర్తిగా రాయాలి. ఉత్తినే "హార్వర్డ్" అని రాసి, ఇంటర్వ్యూలో "ఏ హౌస్‌లో ఉండేవారు?" అని (హార్వర్డ్ కాలేజీ విద్యార్థుల వసతి భవనాల్ని అలా అంటారు) అడిగితే తడబడిన ఒక కుర్రాణ్ణి చూశాను. డిగ్రీ నిజం, కష్టం నిజం, రాసిన ఒక్క లైను వల్ల మొత్తం మీద అనుమానం వచ్చింది. అకౌంటింగ్ అనేది నమ్మకం మీద నడిచే వృత్తి, మీకైతే ఇది ఇంకా ముఖ్యం.

అడ్మిషన్ కూడా మనం అనుకునేలా ఉండదు. ముందు ఎవరైనా కోర్సుల్లో చేరొచ్చు. వాళ్లు చెప్పిన కోర్సులు తీసుకుని, అందులో అకడమిక్ రైటింగ్ కూడా ఉంటుంది, బీ గానీ అంతకంటే మంచి గ్రేడ్ గానీ తెచ్చుకుంటే అప్పుడు డిగ్రీలోకి తీసుకుంటారు. ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష లేదు, సిఫారసు ఉత్తరాలు లేవు. నాకు నచ్చే పద్ధతి ఇది. చదవగలనని చదివి చూపించడమే. కానీ ఆ రైటింగ్ కోర్సుని తేలిగ్గా తీసుకోవద్దు. మన చదువుల్లో వ్యాసం అంటే తెలిసినదంతా పేజీ నిండా రాయడం. అక్కడ ఒక వాదన పట్టుకుని, దానికి ఎదురు వాదనని కూడా నిజాయితీగా చెప్పి, మూడుసార్లు తిరగరాయాలి. నా దగ్గరికి వచ్చిన మనవాళ్లలో లెక్కల్లో వందకి వంద తెచ్చుకున్నవాళ్లు ఇలాంటి కోర్సులో బీ దగ్గర ఆగిపోయారు.

అంకెలు ఇలా ఉంటాయి. డిగ్రీకి మొత్తం 128 క్రెడిట్లు. బయటి నుంచి 64 వరకు తీసుకుంటారు, మిగతా 64 అక్కడే చదవాలి. కోర్సుకి సాధారణంగా నాలుగు క్రెడిట్లు, అంటే పదహారు కోర్సులు. కోర్సుకి ఈమధ్య రెండు వేల డాలర్ల పైచిలుకు ఉంది, మొత్తం ముప్పై రెండు వేల పైనే అనుకోండి. రట్‌గర్స్‌లో రాష్ట్ర నివాసి రేటు మీద రెండేళ్లకి, ఏడాదికి పద్దెనిమిది వేల చుట్టూ చొప్పున, దాదాపు అంతే అవుతుంది. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు. హార్వర్డ్ అంటే లక్షల డాలర్లనుకుని భయపడేవాళ్లూ ఉన్నారు, రట్‌గర్స్ అంటే చవకేనని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. కాబట్టి డబ్బు మీకు ఇక్కడ తేల్చి చెప్పేది కాదు. హెచ్4 మీద మీకు ఫెడరల్ సాయం ఎలాగూ రాదు, ఆ సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు దారి మూసుకునే ఉంటుంది. నివాసి రేటుకి మీ వీసా మీద ఏ కాగితాలు కావాలో యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ని ముందే అడిగి, జవాబు దాచుకోండి.

తేడా కాలంలో ఉంది. మీరు సెమిస్టర్‌కి రెండు కోర్సులకంటే ఎక్కువ చెయ్యలేనని రాశారు. పదహారు కోర్సులకి అలా నాలుగేళ్లు. వేసవిలో కూడా చదివితే కొంచెం తగ్గుతుంది. క్లాసులు చాలావరకు సాయంత్రం, జూమ్‌లో. చెప్పడానికి సుఖంగా ఉంటుంది. నాకు తెలిసిన ఒకావిడ వంటింటి టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎనిమిదింటి క్లాసు వినేది. చెవిలో ప్రొఫెసర్, ఎదురుగా పెరుగన్నం తినని మూడేళ్లవాడు. కెమెరా ఆన్ చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా గరిటె కిందపెట్టి చున్నీ సర్దుకునేది. ఆ రెండు గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మీవారితో ఇప్పుడే మాట్లాడుకోండి. "హార్వర్డ్ అంటే హార్వర్డే" అన్న మనిషి మంగళ, గురువారాల రాత్రి భోజనాల బాధ్యత తీసుకుంటారా? ఇది నేను చాలా సీరియస్‌గా అడుగుతున్నాను. మా ఆఫీసులో నేను చూసినంతలో, మన ఆడవాళ్లు చదువు మానేసింది పాఠం కష్టమై కాదు, ఈ రెండు గంటలు దొరక్క. పైగా అంతా ఆన్‌లైన్‌లోనే అయిపోదు, కొంత భాగం బోస్టన్ పక్కన హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జి వెళ్లి చదవాలి. మీ దగ్గర్లోని మెట్రోపార్క్ స్టేషన్లో రైలెక్కితే బోస్టన్‌కి నాలుగైదు గంటలు. పిల్లల్ని వదిలి ఆ రోజులు గడిపే ఏర్పాటు ఉండాలి.

ఇంకో పెద్ద తేడా, మీ గమ్యం. మీరు సీపీఏ అన్నారు. అక్కడ లైసెన్సు ఇచ్చే స్టేట్ బోర్డు చూసేది యూనివర్సిటీ పేరు కాదు, అకౌంటింగ్‌లో ఇన్ని క్రెడిట్లు, బిజినెస్‌లో ఇన్ని క్రెడిట్లు ఉన్నాయా అన్నది. లైసెన్సుకి మొత్తం 150 క్రెడిట్లు ఉండాలన్నది చాలా ఏళ్లుగా ఉన్న దారి, ఇప్పుడు రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దానికి ప్రత్యామ్నాయాలు తెస్తున్నాయి. బోర్డు వెబ్‌సైట్‌లో తాజా నిబంధన చూసుకోండి. ఎక్స్‌టెన్షన్‌లో మీకు దొరికేది లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ. ఆడిటింగ్, టాక్స్, ఇంటర్మీడియట్ అకౌంటింగ్ ఒక వరుసలో చెప్పి లైసెన్సు దాకా తీసుకెళ్లే అకౌంటింగ్ మేజర్ కాదు. అది దాని లోపం కాదు, అది పెట్టిన ఉద్దేశమే వేరు. ఆడిట్ కంపెనీలు ఇంటర్న్‌లని తీసుకునేది అకౌంటింగ్ డిపార్ట్‌మెంట్ ఉన్న క్యాంపస్‌లకి వచ్చి, మూడో సంవత్సరంలోనే. రట్‌గర్స్‌లో ఆ వరసలో మీరుంటారు. హార్వర్డ్ కాలేజీ పిల్లల కోసం వచ్చే కంపెనీల ముందు ఎక్స్‌టెన్షన్ విద్యార్థులకి కూడా అదే చోటు దొరుకుతుందని లెక్కలు వేసుకోవద్దు.

మరి ఎక్స్‌టెన్షన్ ఎవరికి మంచిది? నాకు తెలిసిన ఒకతను, విజయనగరం వైపు మనిషి, గ్రీన్ కార్డు మీద ఉండేవాడు. పదేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం, పని బాగా వచ్చు, కానీ డిగ్రీ లేక మేనేజర్ పోస్టు దగ్గర ఆగిపోయాడు. అతనికి ఏ మేజర్ అన్నది ముఖ్యం కాదు, బ్యాచిలర్స్ ఉండాలి. కంపెనీ ఏటా ఫీజు కొంత ఇచ్చేది. ఇక్కడ ఉద్యోగి చదువుకి కంపెనీ ఇచ్చే 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు, అంటే ఏడాదికి రెండు కోర్సులు గడిచిపోతాయి. ఆరేళ్లు పట్టింది. స్నాతకోత్సవానికి వాళ్లమ్మ ఊర్నించి వచ్చింది. హార్వర్డ్ యార్డ్‌లో చెట్ల కింద వేసిన కుర్చీల్లో గోధుమరంగు పట్టుచీరలో కూర్చుని, కొడుకు పేరు ఎప్పుడు పిలుస్తారోనని పక్కవాళ్లని తెలుగులోనే అడుగుతూ ఉందట. ఆ ఫోటో నాకు పంపాడు. అతని విషయంలో ఎక్స్‌టెన్షన్ నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం. మీ విషయంలో కాదంటున్నది గమ్యం వేరు కాబట్టే.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ జనరల్ స్టడీస్ స్కూల్ గురించి కూడా ఒక లైను అడిగారు. అది కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, అంటే పెద్దల కోసం విడిగా నడిపే చదువు, కాదు. 1947లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఎక్కువగా చదువుకి వస్తున్న కాలంలో, మధ్యలో చదువు ఆగినవాళ్ల కోసం ఏర్పాటు చేసిన పూర్తిస్థాయి కాలేజీ. అక్కడి మిగతా విద్యార్థులతో ఒకే క్లాసులో కూర్చుంటారు, వచ్చేది బీఏ. మీరు అర్హులే. కానీ ఒక్క క్రెడిట్‌కే రెండు వేల డాలర్లు దాటుతుంది, మీరింకా అరవై పైన చదవాలి, అకౌంటింగ్ మేజర్ లేదు. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు.

పేరున్న యూనివర్సిటీల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ విభాగాలన్నీ ఒకటి కావు, ఈ సంగతి అందరికీ చెప్తున్నాను. కొన్ని డిగ్రీ ఇస్తాయి. కొన్ని సర్టిఫికెట్ మాత్రమే ఇస్తాయి. కొన్ని చోట్ల యూనివర్సిటీ పేరు మీద బయటి కంపెనీ బూట్‌క్యాంప్ అనే కొద్దినెలల శిక్షణ నడుపుతుంది, పది పన్నెండు వేల డాలర్లు తీసుకుంటుంది, ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఒక్క క్రెడిట్ రాదు. డబ్బు కట్టేముందు "ఇది క్రెడిట్ కోర్సా, నాన్‌క్రెడిట్టా?" అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే అక్కడితో ఆపేయండి. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలైతే ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసు మించి వాళ్ల ఫుల్‌టైమ్ లెక్కకి రాదు, ఎక్స్‌టెన్షన్ డిగ్రీ కోసం వీసా కూడా ఇప్పించరు. మీకు హెచ్4 మీద ఆ చిక్కు లేదు. ఈఏడీ రెన్యువల్ ఆలస్యమైనా ఆగేది ఉద్యోగమే, చదువు ఆగదు.

మీరు అడగని ఒక విషయం ఉంది. ఖమ్మంలో చదివిన ఆ రెండేళ్ల బీకాం సంగతి. మీ ఉత్తరంలో దాన్ని "వేస్టయిపోయింది" అన్నారు. వేస్టవ్వలేదమ్మా. డిగ్రీ పూర్తికాకపోయినా మార్కుల మెమోలు ఉంటే, కాకతీయ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించి కోర్సులవారీ ఇవాల్యుయేషన్ చేయించుకోవచ్చు. దానికి డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు ఉన్నాయి. రెండేళ్ల చదువుకి కొన్ని క్రెడిట్లయినా రావచ్చు. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లకి చాలా యూనివర్సిటీల్లో ఒక పరిమితి ఉంటుంది. మీ బీకాం యూనివర్సిటీ చదువు కాబట్టి దాన్ని విడిగా లెక్కేస్తారేమో అడగండి. సీపీఏకి 150 చేరుకోవాల్సి వచ్చినా అవి అక్కరకొస్తాయి. ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికి నెలలు పట్టొచ్చు. మీ తమ్ముడో నాన్నగారో వరంగల్ వెళ్లి దరఖాస్తు పెట్టగలిగితే ఈ వారమే మొదలుపెట్టించండి. మెమోలు ఏ బీరువాలో ఉన్నాయో అమ్మగారికి తెలిసే ఉంటుంది.

పేరున్న చోట చదవాలన్న కోరిక గురించి. మీరు "నాకు పేరు పిచ్చి ఉందేమో" అని క్షమాపణ అడుగుతున్నట్టు రాశారు. అది పిచ్చి కాదు. ఇరవై ఏళ్లకి పుస్తకాలు మూసేసిన అమ్మాయి, తనూ చదవగలదని అందరికీ తెలియాలని అనుకోవడం తప్పు కానే కాదు. ఆ కోరికని చంపుకోమని చెప్పను, ఎక్కడ వాడుకోవాలో చెప్తాను. బ్యాచిలర్స్ లైసెన్సు కోసం, ఉద్యోగం కోసం చదవండి. ఉద్యోగం వచ్చాక, కంపెనీ ఫీజు ఇచ్చే రోజు వచ్చాక, మాస్టర్స్‌కి ఎక్స్‌టెన్షన్ గానీ ఇంకోటి గానీ చూడండి. రెజ్యూమేలో పైన కనిపించేది చివరి డిగ్రీయే. అప్పటికీ ఆగలేనంటే, వచ్చే వేసవిలో ఎక్స్‌టెన్షన్‌లో ఒకే ఒక్క కోర్సు తీసుకోండి. ఆ రైటింగ్ కోర్సే తీసుకోండి. డిగ్రీలో చేరక్కర్లేదు, ఏ హామీ ఇవ్వక్కర్లేదు. రెండు వేల డాలర్లలో అక్కడి చదువు ఎలా ఉంటుందో, మీ ఇంట్లో ఆ రాత్రులు ఎలా గడుస్తాయో రెండూ తెలుస్తాయి.

ప్రస్తుతానికి ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక డిగ్రీ ఆడిట్ తెరిచి మొదటి లైను చూడండి. ఏ.ఎస్. అని ఉందా, ఏ.ఏ.ఎస్. అని ఉందా ఇక్కడే రాయండి. మీ కోర్సుల జాబితా కూడా పెట్టండి, స్టూడెంట్ ఐడీ నంబరు మాత్రం తీసేసి. కుడివైపు ఏముంటుందో ఒక్కో కోర్సుకీ కూర్చుని చూసి చెప్తాను.